అర్థం లేని గొంతు, అర్థం కాని గొంతు: ‘ఒమ్మడాన్’ ఆధారంగా ఒక విచారణ

యాస్కుడి నిరుక్తం మొదటి అధ్యాయంలో కౌత్సుడి పేర ఒక పూర్వపక్షం కనిపిస్తుంది. మంత్రాలకు అర్థం లేదన్నది అతని వాదం. వాటిలో ఒక మాటకు బదులు మరొక మాట వేయడానికి వీలులేదు, వరుస మార్చడానికి వీలులేదు, పైగా కొన్ని మాటల అర్థం ఎవరికీ స్పష్టంగా తెలియదు కనుక అవి అర్థరహితాలని అతడంటాడు. యాస్కుడు ఒక్కొక్క ఆక్షేపణకూ సమాధానం చెప్పుకొంటూ వచ్చి, చూపులేనివాడికి స్తంభం కనబడకపోవడాన్ని స్తంభం మీదికి నెట్టరాదన్న ధోరణిలో చివరి ఆక్షేపణను తిప్పికొట్టాడు. వేదార్థ విచారంలో ఈ చర్చకున్న స్థానం సుప్రసిద్ధమే. ప్రస్తుత వ్యాసానికి కావలసింది అందులోని ఒక చిన్న మెలిక మాత్రమే. ‘దీనికి అర్థం లేదు’ అనే వాక్యానికీ ‘ఇది నాకు అర్థం కాలేదు’ అనే వాక్యానికీ మధ్య తెలుగులో తేడా రెండు మూడు అక్షరాలే. మొదటిది వస్తువు మీద తీర్పు. రెండోది తన గురించి తాను ఇచ్చుకొనే సాక్ష్యం. రెండోది చెప్పవలసిన చోట మొదటిది చెప్పడం కేవలం భాషాదోషమా, లేక నైతికమైన దోషం కూడానా అన్నది ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్నను మంత్రాల మీద కాక, 1975లో ఇంగ్లండులో వెలువడిన ఒక సంగీత ఆల్బం మీద పెట్టి చూడాలని ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు శాఖ పత్రికలో రాక్ సంగీతానికి చోటేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. మనకు పవిత్రమైన పాఠం మీద ఈ ప్రశ్న వేస్తే సమాధానం ముందే సిద్ధంగా ఉంటుంది. దూరపు వస్తువు మీద వేస్తే ఆలోచించక తప్పదు. అందుకే ఈ ఎంపిక.

స్వయంశిక్షితుడి చెవి

మైక్ ఓల్డ్‌ఫీల్డ్ 1953లో ఇంగ్లండులోని రెడింగ్ పట్టణంలో పుట్టాడు. తండ్రి ఆంగ్లేయుడు, తల్లి ఐర్లండుకు చెందినది. గిటారును ఏ గురువు దగ్గరా నేర్చుకోలేదు. బర్ట్ జాన్ష్, జాన్ రెన్‌బోర్న్ వంటి జానపద గిటారు వాద్యకారుల రికార్డులు వింటూ, వాటిని వేళ్ళకు తెచ్చుకొంటూ ఎదిగాడు. బాల్యం దాటీ దాటకముందే జానపద క్లబ్బుల్లో వాయించాడు. అక్క శాలీతో కలిసి ‘ది శాలీయాంజీ’ పేర ఒక ఆల్బం చేశాడు; తరువాత కెవిన్ అయర్స్ బృందంలో బేస్ గిటారు వాయించాడు. 1973 మే 25న వెలువడిన ‘ట్యూబులర్ బెల్స్’ వర్జిన్ రికార్డ్స్ సంస్థకు తొలి ఆల్బం. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు. అందులోని వాద్యాల్లో చాలావరకు తానే వాయించి, ఒకదాని మీద ఒకటి పొరలుగా రికార్డు చేశాడు. 1974లో ‘హర్గెస్ట్ రిడ్జ్’, 1975లో ‘ఒమ్మడాన్’ వచ్చాయి.

స్వయంశిక్షణను గురించి మాట్లాడేటప్పుడు మన మనసు వెంటనే ఏకలవ్యుడి దగ్గరకు వెళుతుంది. ఆ పోలిక ఇక్కడ పనికిరాదు. ఏకలవ్యుడికి బొమ్మ రూపంలోనైనా గురువు ఉన్నాడు. ఆ గురుత్వానికి చెల్లించిన మూల్యమే ఆ కథ. ఇక్కడ గమనించవలసింది వేరు. కర్ణాటక సంగీత విద్యార్థి మొదట నేర్చేది సరళీ వరుసలు. అక్కడ స్వరమూ దాని పేరూ ఒకటే అక్షరంగా గొంతులోనుంచి వస్తాయి. గాంధారాన్ని ‘గ’ అనే పాడతాం. అంటే శాస్త్రబద్ధంగా శిక్షణ పొందిన మన గొంతుకు పదరహిత గానమంటూ ఒకటి మొదటిరోజు నుంచీ లేదు. ధ్వనిని దాని పేరునుండి విడదీసి వినడం ఆ తరువాత అలవరచుకోవలసిన విద్య. చెవితోనూ వేళ్ళతోనూ నేర్చుకొన్న గిటారు వాద్యకారుడి క్రమం దీనికి తలకిందులు. అతనికి ముందు ధ్వని ఉంటుంది, పేరు తరువాత వస్తుంది, లేదా రాదు. ఓల్డ్‌ఫీల్డ్ ఆల్బాల్లో మనిషి గొంతు మాండొలిన్ పక్కన, ఆర్గన్ పక్కన మరొక నాదంగా ప్రవేశించడానికి ఈ శిక్షణక్రమం ఒక కారణమని నా అభిప్రాయం.

అయితే పదరహితమైన గొంతులన్నీ ఒక్కటే కావు. ‘ట్యూబులర్ బెల్స్’ రెండో భాగంలో గుర్రుమనే ఒక కర్కశమైన గొంతు వినిపిస్తుంది. రికార్డు అమ్ముడుపోవాలంటే మాటలున్న పాట ఏదైనా ఉండాలని సంస్థ పట్టుబట్టగా, విసిగి, మైకు ముందు గొంతు చించుకొని అరిచానని ఓల్డ్‌ఫీల్డ్ చెప్పుకొన్నాడు. మాటలు కావాలన్న గిరాకీకి మనిషి గొంతుతోనే, మాట ఒక్కటీ లేకుండా ఇచ్చిన జవాబది. అది నిరాకరణ. ‘హర్గెస్ట్ రిడ్జ్’లోని స్త్రీల గొంతులు అలాంటివి కావు, కొండ మీది గాలి వంటివి, వాద్యాల్లో కలిసిపోతాయి. అక్కడ నిరాకరించడానికేమీ లేదు. ‘ఒమ్మడాన్’లోని గొంతులు ఈ రెండు కోవల్లోనూ చేరవు. వాటి సంగతి కొంత వివరంగా చూడాలి.

పేరుకు పదరహితం

ఇంగ్లండ్, వేల్స్ సరిహద్దున హర్గెస్ట్ రిడ్జ్ అనే కొండ పక్కన కింగ్టన్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ తాను నివసించే ‘ది బీకన్’ అనే ఇంటిలోనే స్టూడియో అమర్చుకొని ఓల్డ్‌ఫీల్డ్ 1975లో ఈ ఆల్బం రికార్డు చేశాడు. ఆ ఏడాది ఆరంభంలోనే తల్లి మరణించింది. పొరమీద పొరగా ఎన్నోసార్లు రికార్డు చేయడంతో టేపు మీది అయస్కాంతపు పూత రాలిపోయి, మొదటి భాగాన్ని మళ్ళీ మొదటినుంచి వాయించవలసి వచ్చింది. ఆల్బంలో ఐరిష్ సంగీతకారుడు పాడీ మొలోనీ ఇలియన్ పైప్స్ ఉన్నాయి. లండన్‌లో స్థిరపడిన దక్షిణాఫ్రికా బృందం ‘జబులా’ డోళ్ళు ఉన్నాయి. రెండో భాగం చివర గుర్రపుస్వారీని గురించిన చిన్న ఇంగ్లీషు పాట ఒకటి ఉంది. దాన్ని మినహాయిస్తే సాధారణ ఇంగ్లీషు శ్రోతకు ఆల్బమంతా మాటలు లేని సంగీతం.

మొదటి భాగం ఉత్తరార్ధంలో డోళ్ళ మీద ఒక స్త్రీ బృందగానం మొదలవుతుంది. నాలుగైదు అక్షరాల తునకలు మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటాయి. వాటి మీద మరిన్ని గొంతులు చేరతాయి. ఎలక్ట్రిక్ గిటారు ఎగసి, ఒక కొస దాకా వెళ్ళి ఆగిపోయాక డోళ్ళు మాత్రం మిగులుతాయి. మొదటిసారి విన్నవారికి ఈ అక్షరాలు ఏదో ప్రాచీన స్తోత్రపు శకలాల్లా తోస్తాయి. ఎంతోమంది శ్రోతలు దాన్ని అలాగే విన్నారు. ఈ వ్యాసకర్త కూడా.

వాస్తవానికి అవి ఐరిష్ భాషా పదాలు. ఇచ్చినది క్లోడా సైమండ్స్ అనే ఐరిష్ గాయని. ఆల్బం పేరు కూడా, మూర్ఖుడు అనే అర్థంలో ఐరిష్‌లో వాడే ‘అమదాన్’ అన్న మాటకు ఇంగ్లీషు చెవి ఇచ్చిన రూపం. ఇక పాటలోని విషయమంటారా, అది స్తోత్రం కానే కాదు. ఒక ఇంట్లో నిద్ర, పాలు, పిల్లి, తన తెలివితక్కువతనానికి తానే నవ్వుకోవడం: ఇంతే. చిన్నపిల్లల కోసం అల్లిన మాటల్లాంటివి. ఓల్డ్‌ఫీల్డ్‌కు కావలసింది ధ్వని. సైమండ్స్ ఇచ్చింది భాష. ఆ భాష రికార్డు మీద మళ్ళీ ధ్వనిగా మారిపోయింది.

ఇక్కడే మన ప్రశ్న నిలబడుతుంది. ఈ గానం పదరహితమా, కాదా? కూర్చినవాడి ఉద్దేశాన్ని బట్టి అవును. రాసినామె చేతను బట్టి కాదు. ఇంగ్లీషు శ్రోతకు అవును. గాల్వే తీరాన ఐరిష్ మాట్లాడే ఇంట్లో పుట్టినవారు చెవి పెట్టి వింటే, గొంతుల గజిబిజిలోనైనా పాలూ పిల్లీ పట్టుబడక మానవు. కనుక పదరాహిత్యం ధ్వనిలో ఉండే గుణం కాదు. కుండకు ఎరుపు ఉన్నట్టుగా పాటకు అర్థరాహిత్యం ఉండదు. అది పాడే మనిషికీ వినే మనిషికీ మధ్య ఏర్పడే సంబంధం. సంబంధం అన్నాక అందులో ఇద్దరికీ కొంత బాధ్యత ఉంటుంది.

పైగా ఇది ఏదో ఒక భాష కాదు, ఐరిష్. 1831లో మొదలైన జాతీయ పాఠశాలలు ఐర్లండు పిల్లలకు ఇంగ్లీషులోనే చదువు చెప్పాయి. 1840ల మహాక్షామంలో చనిపోయినవారిలోనూ, ఓడలెక్కి వలసపోయినవారిలోనూ ఐరిష్ మాట్లాడే పేదలే అధికం. ఆ భాషను అర్థంలేని గొణుగుడుగా వినడం పొరుగుదేశపు పాలకవర్గానికి తరాల అలవాటు. అటువంటప్పుడు ఒక ఆంగ్ల ఆల్బంలో ఐరిష్ మాటలు ‘మాటలు లేని గానం’గా చలామణీ కావడంలో చరిత్ర పని చేయలేదనగలమా? ఓల్డ్‌ఫీల్డ్‌ను ఇక్కడ ముద్దాయిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అతడు ఐరిష్ తల్లి కొడుకు, ఐరిష్ సంగీతాన్ని ప్రేమించి తెచ్చుకొన్నవాడు. ప్రేమతో తెచ్చుకొన్నా, పరాకుగా తెచ్చుకొన్నా, వినేవాడి చెవిలో జరిగేది ఒక్కటే కావచ్చునన్నదే చెప్పదలచినది.

ఆలంకారికుల సాక్ష్యం

ఇందుకు ఎదురుగా ఒక బలమైన వాదం ఉంది. దాన్ని బయటినుంచి తెచ్చుకోనక్కరలేదు. ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతంలో ఆనందవర్ధనుడు వ్యంజనావృత్తిని అభిధనుండి వేరుచేసి నిలబెట్టేటప్పుడు గీతశబ్దాలను ఉదాహరణగా చూపాడు. గీతంలోని ధ్వనులు దేనికీ వాచకాలు కావు. అయినా వాటినుండి రసాదులు స్ఫురించడం లోకంలో చూస్తూనే ఉన్నాం. వాచకత్వమే లేని చోట వ్యంజకత్వం ఉంది కాబట్టి ఆ రెండూ ఒకటి కావడానికి వీల్లేదన్నది అతని తర్కం. ధ్వని సిద్ధాంతానికి మాటలు లేని సంగీతం ఒక ఆనుషంగిక దృష్టాంతం కాదు, ఆయువుపట్టు వంటి సాక్షి. తెలుగు సాహిత్య విమర్శలో వ్యంగ్యార్థాన్ని గురించి పుటలకొద్దీ రాసుకొన్నాం గాని ఈ సాక్షిని తిరిగి బోనెక్కించినవారు తక్కువ.

ఆంధ్రుడైన జగన్నాథ పండితరాయలు ఈ సాక్ష్యాన్ని మరొక పనికి వాడుకొన్నాడు. రమణీయార్థాన్ని ప్రతిపాదించే శబ్దమే కావ్యమని నిర్వచించి, ఆస్వాదాన్ని మేల్కొలపడమే కావ్యత్వానికి గుర్తు అంటే వచ్చే చిక్కును రసగంగాధరంలో చూపాడు. రాగం కూడా రసవ్యంజకమేనని ధ్వనికారుడు మొదలుకొని ఆలంకారికులందరూ ఒప్పుకొన్నదే. అప్పుడు రాగమూ కావ్యమే కావలసి వస్తుంది. కనుక ఆ గుర్తు చాలదు. ఇక్కడ పండితరాయలు గీసిన గీత గమనించదగినది. సంగీతానికి రసశక్తి లేదని అతడనలేదు. కావ్యమనే పేరు మాత్రం ఇవ్వలేదు. ఆ పేరు శబ్దార్థాలది.

ఈ రెండు సాక్ష్యాలనూ ‘ఒమ్మడాన్’ మీద పెట్టి చూస్తే ఏం తేలుతుంది? ఐరిష్ రాని శ్రోత ఆ గానం విని కదిలిపోవడం భ్రమ కాదు. అతడు పొందినది నిజమైన ఆస్వాదమే. మాట తెలియనంత మాత్రాన అది తక్కువరకం కాదు. ఇంతవరకు ఆనందవర్ధనుడు అతని పక్షాన ఉన్నాడు. అయితే అతని తర్కం వాచ్యం లేని చోట కూడా వ్యంజకత్వం ఉందంటుందే గాని, వినేవాడికి తెలియని వాచ్యం లేనేలేదని అనుమతించదు. రసానుభవం నుండి అర్థాభావాన్ని అనుమానించడం హేత్వాభాసం. ‘నేను మాట తెలియకుండానే కదిలాను’ అన్నది ప్రమాణం. ‘కనుక మాటలతో పనిలేదు’ అన్నది ఆ ప్రమాణం మీద కట్టిన అక్రమ నిర్మాణం.

నాట్యశాస్త్రం ఐదో అధ్యాయంలోని నిర్గీత వృత్తాంతం ఈ విషయానికి మరొక కోణం ఇస్తుంది. పూర్వరంగంలో అర్థంలేని శుష్కాక్షరాలతో, వీణాది వాద్యాలతో సాగే గానానికి నిర్గీతమని పేరు. నారదాదులు దాన్ని ప్రయోగించగా దైత్యులు, రాక్షసులు దాన్ని తమదిగా మెచ్చుకొన్నారు. దేవతల స్తుతితో కూడిన గీతం దేవతలకే ఉండనిమ్మన్నారు. దేవతలకు కోపం వచ్చింది. నారదుడు ఆ గానాన్ని నశింపజేయవద్దని సర్దిచెప్పగా దానికి బహిర్గీతమనే మరో పేరు ఏర్పడింది. స్తుతిలో మాట ఉంటుంది. మాట ఉన్నప్పుడు అది ఫలానావారిదవుతుంది. మాట లేని పాట ఎవరినీ పొగడదు. అందుకే ఎవరైనా దాన్ని తమదనుకోవచ్చు. ఓడిపోయినవారికి దొరికిన పాట అది. అర్థరాహిత్యాన్ని లోపంగా కాక, అందరికీ తెరిచిన వాకిలిగా చూసిన చూపు ఈ కథలో ఉంది.

అదే సంప్రదాయంలో మరొక పోకడ కూడా ఉంది. ప్రబంధానికి చెప్పిన ఆరు అంగాల్లో ‘తేన’ ఒకటి. ఆ అక్షరాలకు మంగళార్థం చెప్పి, వాటిని ఉపనిషద్వాక్యం దాకా తీసుకుపోయారు సంగీతశాస్త్రకారులు. ధ్రుపద గాయకులు ఆలాపనలో వాడే నోమ్-తోమ్ అక్షరాలను భగవన్నామానికి అరిగిపోయిన రూపాలుగా చెప్పుకొంటారు. ఖాళీని ఖాళీగా ఉంచలేకపోవడమన్నమాట. భర్తృహరి వింటే ఆశ్చర్యపోడు. శబ్దం తోడు లేని జ్ఞానమే లోకంలో లేదన్నవాడికి, మనిషి గొంతు వినగానే మనసు మాటను వెతుక్కోవడం సహజమే. పసిబిడ్డ తొలి కదలికకు కూడా అనాదిగా వచ్చే శబ్దభావనే కారణమన్నాడు కదా.

‘ఒమ్మడాన్’ శ్రోతలు చేసిందీ ఇదే. తల్లి మరణం సంగతి తెలియగానే ఆ బృందగానం శోకగీతమైపోయింది. ఐరిష్ అని తెలియగానే, తల్లి దేశపు భాషలో కొడుకు ఆమెను పిలుస్తున్నాడన్న కథ అల్లుకోవడం మరీ తేలిక. కథ బాగుంటుంది. కాని ఆ మాటలు ఎంచుకొన్నది కొడుకు కాదు, సైమండ్స్. అందులో పిలుపు లేదు, నవ్వు ఉంది. జీవితచరిత్రను తెచ్చి పదరహిత గానానికి సాహిత్యంగా అమర్చడం మన విమర్శకులకు కూడా తెలియని విద్య కాదు. ఒకవైపు అసలు మాటలను అర్థరహితాలని తోసివేస్తాం, మరోవైపు అదే ఖాళీలో మన మాటలు నింపుతాం. మొదటిది చేసినందువల్లనే రెండోది సాధ్యమవుతోంది.

పూర్వపక్షం, ఒక పాత తగాదా

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. కూర్చినవాడే ధ్వని చాలనుకొన్నప్పుడు, మాటలు అంత అల్పమైనవైనప్పుడు, వాటిని తవ్వి తీయడం రసభంగం కాదా? పిల్లి పాలు తాగిందని తెలుసుకొని శ్రోత బాగుపడేదేమిటి? ఈ ఆక్షేపణ తేలికైనది కాదు. మాటల సంగతి తెలిశాక ఆ గానం మునుపటి గాంభీర్యంతో వినబడకపోవచ్చు. కాని పోయినది ఆ గాంభీర్యం మాత్రమే. అది పాటలో ఉన్నది కాదు. తెలియని భాష వినగానే దాన్ని ప్రాచీనమనీ, పవిత్రమనీ, మార్మికమనీ ఊహించుకొనే మన అలవాటు తెచ్చిపెట్టినది. తెలియని భాషను గొణుగుడనడం ఒక అవమానమైతే, దాన్ని మంత్రమనడం మర్యాద ముసుగు వేసుకొన్న అదే అవమానం. రెండు సందర్భాల్లోనూ ఎదుటిమనిషి మనలాగే నిద్ర గురించీ పాల గురించీ మాట్లాడుతూ ఉండవచ్చునన్న ఊహే రాదు. అల్పమైన అర్థం ఇక్కడ చేసే మేలు ఇదే: పాడేవారిని మనుషుల్లోకి తిరిగి తెస్తుంది. జబులా డోళ్ళను ‘ఆఫ్రికా ఆదిమ లయ’ అని రాసినవారికి కూడా ఈ మాట వర్తిస్తుంది. ఆ వాద్యకారులు 1970ల లండన్ నగరవాసులు, వృత్తి కళాకారులు.

మాటలు నిజంగానే లేని చోట ఏం చేయాలి? ఇటలీ తత్త్వవేత్త అడ్రియానా కవరేరో గొంతును గురించి రాసిన గ్రంథంలో, మాటకు ముందే గొంతు ఆ ఒక్క మనిషిని, మరెవరూ కాని ఆ మనిషిని, ప్రకటిస్తుందని వాదించింది. ఈ వాదానికి చట్టం ఒప్పుకొన్నంత పని చేసిన ఉదంతం ఒకటి ఉంది. ‘ట్యూబులర్ బెల్స్’ వచ్చిన 1973లోనే పింక్ ఫ్లాయిడ్ బృందం ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ విడుదల చేసింది. అందులో రిచర్డ్ రైట్ పియానో రచన మీద క్లేర్ టోరీ అనే గాయని ఒక్క మాట లేకుండా, స్టూడియోలో అప్పటికప్పుడు అల్లుకొంటూ పాడింది. ఆనాడు ఆమెకు ముట్టింది 30 పౌండ్లు. రచయితగా రైట్ పేరొక్కటే ఉండేది. 2004లో ఆమె దావా వేసింది. 2005లో కోర్టు వెలుపల రాజీ కుదిరి, ఆ తరువాత రైట్‌తో పాటు ఆమె పేరూ రచయితగా చేరింది. మాటలు రాసి ఉంటే ఆ మొదటిరోజే ఆమె గేయకర్త అయ్యేది. మాటలు లేవు గనుక ముప్పై రెండేళ్ళు ఆమె గొంతు వాద్యాల్లో ఒకటిగా లెక్కకు వచ్చింది. అర్థం లేదన్న తీర్పు వెనుకనే కర్త లేడన్న తీర్పు కూడా నడుస్తుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

ఇదంతా మనకు దూరపు విషయం కాదు. ఐరిష్‌కు ‘ఒమ్మడాన్’లో పట్టిన గతి తెలుగుకు ఒక గొప్ప సభలోనే పట్టింది. త్యాగరాజ కృతులను తెలుగు రాని శ్రోతలు తమిళనాట తరాలుగా వింటున్నారు, ప్రేమిస్తున్నారు. 1940లలో తమిళ ఇసై ఉద్యమం బలపడి, మా భాషలో పాటలు కావాలని శ్రోతలు అడిగినప్పుడు, ఎదురువాదాల్లో ఒకటి సంగీతానికి భాషతో నిమిత్తం లేదన్నది. నాదమే ప్రధానం, సాహిత్యం నిమిత్తమాత్రం అన్నది. తెలుగువారిలో చాలామంది ఆ వాదాన్ని తమకు అనుకూలమైనదిగానే భావించారు. తెలుగు కృతులను కాపాడింది కదా! కాని పరిశీలించి చూస్తే తెలుగును గౌరవించింది ఏ పక్షం? ‘ఈ మాటలు మాకు అర్థం కావడం లేదు’ అన్న తమిళ శ్రోత, ఆ మాటలకు అర్థం ఉందని ఒప్పుకొనే ఆ మాట అన్నాడు. ‘మాటలు అర్థం కానక్కరలేదు’ అన్న సంగీత రసజ్ఞుడు త్యాగరాజు రామునితో చేసిన వాదులాటలన్నిటినీ, నిష్ఠూరాలన్నిటినీ శుష్కాక్షరాల కింద జమకట్టాడు. తెలుగుకు మిత్రుడిగా నిలిచినవాడు తెలుగును నిర్గీతం చేశాడు. ప్రత్యర్థిగా కనిపించినవాడు దాన్ని భాషగా ఉండనిచ్చాడు. ఈ తగాదాలో తెలుగు పక్షం వాదం బలహీనమైనదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, కృతులు గెలిచినా సరే.

ఆలాపనలో తెలుగు లేదు, తిల్లానాలోనూ దాదాపు లేదు, అవి కదిలిస్తున్నాయి. కృతిలో తెలుగు ఉంది. అది తెలియకుండా కూడా కదిలిస్తోంది. ఈ రెండు కదలికలూ రసానుభవంగా ఒకటి కావచ్చు, కాని శ్రోత స్థితి రెండు చోట్లా ఒకటి కాదు. ఆలాపన ముందు అతడు చెల్లించవలసిన బాకీ ఏదీ లేదు. కృతి ముందు ఉంది. ఆ బాకీ తీర్చడమంటే తెలుగు నేర్చుకొని తీరాలని కాదు. బాకీ ఉందని గుర్తించడం చాలు.

మన శాఖల్లో జరిగే పనికి ఈ విచారణ తగిలే చోటు జానపద గేయాల సేకరణ. పాటల ప్రతుల్లో ఆవృత్తంగా వచ్చే అక్షరాలను ‘అర్థరహితమైన పాదపూరణాలు’ అనే ఒక్క గాటన కట్టడం మామూలు. బుర్రకథ వంతలు అందుకొనే తందాన నిజంగానే తాళానికి, ఊపిరికి సంబంధించినది. అక్కడ అర్థం వెతికితే తేన అక్షరాలకు జరిగిందే జరుగుతుంది. లాలిపాటలో తల్లి చేసే నాలుక సవ్వడి బిడ్డకే తప్ప నిఘంటువుకు చెందదు. కాని గోండి, కోయ, కువి, సవర మాట్లాడే ఊళ్ళ అంచున తెలుగు పాట సేకరించేటప్పుడు పల్లవిలో తెలియని అక్షరాలు ఎదురైతే అవి పక్కభాష మాటలు అయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. భార్య పుట్టింటి భాష కావచ్చు, సంతలో విన్నది కావచ్చు. పాడినవారినే అడిగితే ఒక్కోసారి నవ్వి ఊరుకొంటారు. ఆ నవ్వు కూడా సమాధానమే, సైమండ్స్ నవ్వు లాంటిది. పక్క ఊరి ముసలమ్మను అడిగితే అది పిల్లీ పాలూ అని తేలవచ్చు. ఆ లోగా సేకర్త ప్రతిలో రాయదగిన మాట ‘అర్థం లేదు’ కాదు, ‘అడగవలసి ఉంది’. దాని ఎదురుగా పాడిన మనిషి పేరు కూడా, ఆమె ఒప్పుకొంటే.